ప్రాక్టికల్ పరీక్షలో ఎర్రర్‌కు కూడా మార్కులుండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. గేమింగ్ రంగంలో ఉద్యోగావకాశాల గురించి మీ పత్రిక విద్యా పేజీలో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. వాటిని చదివి, లాప్‌టాప్‌లో యూనిటీ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుని, సెలవుల్లో సొంతంగా ఒక ఆట తయారు చేద్దామని కూర్చునే డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులు అనంతపురంలో కూడా బాగానే ఉన్నారు. వారిలో చాలామంది మధ్యలో ఆగిపోయేది బొమ్మలు గీయడం రాకనో, లెక్కలు రాకనో కాదు. ఒకే రకం వస్తువులను పదింటినో ఇరవయ్యింటినో ఒక వరుసలో పెట్టుకోవలసి వచ్చినప్పుడు, అంటే ఆబ్జెక్టుల అర్రే రాయవలసి వచ్చినప్పుడు, తెర అడుగున ఉండే కన్సోల్‌లో ఎర్ర గుర్తులు వరుసకడతాయి. ఆట అక్కడితో మూలపడుతుంది. ఆ ఎర్రర్లను చదవడం మన ల్యాబ్‌లలో చాలావరకు నేర్పడం లేదని, ప్రాక్టికల్ పరీక్షలో దానికి మార్కులు కేటాయిస్తే తప్ప నేర్పరని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఈ ఊళ్లో డిగ్రీ విద్యార్థులకు ప్రోగ్రామింగ్ చెప్పే అధ్యాపకుడిగా ఈ సంగతి నాకు రోజూ కళ్లెదుటే కనిపిస్తుంది.

ముందుగా ఈ రంగం పరిచయం లేని పాఠకుల కోసం ఒక మాట. యూనిటీలో ఆట నడవడికను సీ షార్ప్ భాషలో రాస్తారు, అలా రాసిన ఒక్కొక్క ఫైలును స్క్రిప్టు అంటారు. రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే ముందు కంపైలర్ దాన్ని ఆసాంతం పరిశీలించి, పొసగనివి కనిపిస్తే ఫైలు పేరు, లైన్ నంబరు, ఆ లైన్లో ఎన్నో అక్షరం దగ్గర తేడా ఉన్నదీ, ఆ తేడాకు ఒక కోడ్ నంబరు, దాని వివరణ, ఇవన్నీ ఒకే వాక్యంలో చెబుతుంది. ఒక్క స్క్రిప్టులో ఒక్క కంపైల్ ఎర్రర్ ఉన్నా యూనిటీ ప్లే బటన్‌ను పనిచేయనివ్వదు. ఎర్రర్లన్నీ సరిచేసుకుంటే తప్ప ప్లే మోడ్‌లోకి పోలేరని చెప్పి ఊరుకుంటుంది. మనం ప్రత్యేకించి విడదీయకపోతే ప్రాజెక్టులోని మన స్క్రిప్టులన్నీ ఒకే కట్టగా కంపైల్ అవుతాయి కాబట్టి, శత్రువుల స్క్రిప్టులో తప్పు ఉంటే స్కోరు స్క్రిప్టులో కొత్తగా చేర్చిన వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) కూడా పక్కన వస్తువు వివరాలు చూపే ఇన్‌స్పెక్టర్ పలకలో కనబడదు. "సార్, ఈ ఫైలు నేను ముట్టుకోనే లేదు, నిన్న రన్ అయింది, ఇయ్యాల కావడం లే" అని విద్యార్థి వాపోయేది ఇక్కడే. అతను చెప్పేది నిజమే; తప్పు ఆ ఫైలులో లేదు.

అలాంటప్పుడు విద్యార్థి చేసే పని ఏమిటో చూడండి. ఎర్రర్ చూపిన లైన్‌ను కామెంట్‌లో పెట్టేస్తాడు, అంటే కంపైలర్ దాన్ని పట్టించుకోకుండా చేస్తాడు. అది తీసేస్తే దానిమీద ఆధారపడిన మరో నాలుగు లైన్లు ఎర్రబడతాయి, వాటినీ తీసేస్తాడు. లేదా ఫోన్‌తో తెరను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ ఫొటోలో అసలు కావలసిన ఫైలు పేరు, లైన్ నంబరు ఉన్న భాగమే తెగిపోయి ఉంటుంది. సీనియర్ ఒకడు తన ప్రాజెక్టులోని ఫైలు మొత్తాన్ని పంపిస్తాడు, దాంతో మరికొన్ని కొత్త ఎర్రర్లు వస్తాయి. ఇందులో విద్యార్థుల తెలివితక్కువతనం ఏమీ లేదు. మొదటి సంవత్సరం నుంచి వారు ల్యాబ్‌లో చేసిందల్లా రికార్డులో ఉన్న ప్రోగ్రామును తప్పు లేకుండా టైప్ చేసి, అవుట్‌పుట్ చూపించి సంతకం పెట్టించుకోవడమే.

ఒక ఉదాహరణను దగ్గరగా చూపిస్తాను. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి తన ఊరి అనుభవంతోనే ఒక ఆట అల్లుకున్నాడు. రాత్రిపూట వేరుశనగ చేనుకు కాపలా. నాలుగు వైపుల నుంచి అడవి పందులు వస్తుంటాయి. టార్చిలైటు వేసి, డబ్బా కొట్టి వాటిని తరమాలి. తెల్లవారేసరికి ఎన్ని సాళ్లు మిగిలితే అన్ని పాయింట్లు. ఒక పందికి స్క్రిప్టు రాసినంతవరకు అంతా సవ్యంగానే నడిచింది. 20 పందులు కావాలనుకున్నప్పుడు చిక్కు మొదలయింది. ఇక్కడి నుంచి నేను క్లాసుల పేర్లను, అంటే ఒక రకం వస్తువు ఎలా ఉండాలో, ఏం చేయాలో చెప్పే నమూనాల పేర్లను, తెలుగులోనే రాస్తాను. ఇది పత్రిక కోసం చేస్తున్న సర్దుబాటు మాత్రమే కాదు. సీ షార్ప్‌లో 'పంది' అని తెలుగు అక్షరాలతో క్లాసుకు పేరు పెట్టినా కంపైలర్ అభ్యంతరం చెప్పదు, ఆ భాష నియమాలు యూనికోడ్ అక్షరాలను అనుమతిస్తాయి.

అతను మొదట రాసిన లైన్ 'పంది పందులు[20];' అన్నది. సీ ల్యాబ్‌లో, సీ ప్లస్ ప్లస్ ల్యాబ్‌లో రెండేళ్లు రాసిన అలవాటు అది. సీ ప్లస్ ప్లస్‌లో ఈ లైన్ సరైనదే, పైగా ఆ ఒక్క లైన్‌తోనే 20 పందులూ నిజంగా తయారవుతాయి. సీ షార్ప్‌లో స్క్వేర్ బ్రాకెట్లు రకం పేరును అంటిపెట్టుకుని ఉండాలి, 'పంది[] పందులు' అని. అలా రాయకపోతే సీఎస్ 0650 అనే ఎర్రర్ వస్తుంది, బ్రాకెట్లు వేరియబుల్ పేరుకు ముందు రావాలని ఆ ఎర్రరే చెబుతుంది. అది చదవకుండా బ్రాకెట్లను మాత్రం ముందుకు జరిపి 'పంది[20] పందులు;' అని రాస్తే ఈసారి సీఎస్ 0270 వస్తుంది: ప్రకటించే చోట పరిమాణం చెప్పకూడదు, 'న్యూ'తో తయారు చేసే చోట చెప్పండి అని. రెండు ఎర్రర్లూ దాదాపు జవాబునే అందిస్తున్నాయి. 'పంది[] పందులు = న్యూ పంది[20];' అన్న రూపానికి ఆ రెండు వాక్యాలు చదివితే చాలు, ఎవరినీ అడగనక్కరలేదు.

తరువాతి చిక్కు ఇంకా ఆసక్తికరమైనది, నా దృష్టిలో ఆబ్జెక్టుల అర్రేలతో వచ్చే ఇబ్బందులలో సగానికి మూలం అదే. వరుస వేరు, వరుసలోని ఒక్క వస్తువు వేరు. 'పంది' ఒక రకం, 'పంది[]' మరొక రకం. కంపైలర్‌కు ఈ రెండింటి మధ్య ఏ చుట్టరికమూ లేదు. మన విద్యార్థి డబ్బా మోగగానే 'పందులు.పారిపో();' అని రాశాడు. తెలుగులో చదివితే ఎంత సహజంగా ఉంది! కానీ పారిపోవడం అనేది పంది క్లాసులో ఉన్న పని, వరుసకు ఆ పని తెలియదు. వచ్చిన ఎర్రర్ సీఎస్ 1061: 'పంది[]' అనే రకంలో 'పారిపో' అనే పేరుతో ఏమీ లేదు అని. విద్యార్థి ఆ వాక్యం చదివి, "పంది క్లాసులో పారిపో అని రాశాను కదా సార్, లేదంటుందేమిటి" అని ఆ క్లాసు ఫైలు తెరిచి అరగంట వెతికాడు. ఎర్రర్‌లో 'పంది' తరువాత ఉన్న రెండు స్క్వేర్ బ్రాకెట్లను అతని కన్ను దాటవేసింది. కంపైలర్ చెప్పదలచుకున్నదంతా ఆ రెండు బ్రాకెట్లలోనే ఉంది. లూప్ వేసి, అంటే ఒకే పనిని వరుసగా మళ్లీ మళ్లీ చేయించి, ఒక్కొక్క పందితో విడిగా 'పారిపో' అని చెప్పించాలి, అంతే.

ఇదే తేడా యూనిటీ సొంత ఫంక్షన్లలో (పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కలలో) మరో రూపంలో ఎదురవుతుంది. ఒక ట్యాగ్ ఉన్న వస్తువును వెతికి ఇచ్చే 'ఫైండ్ గేమ్ ఆబ్జెక్ట్ విత్ ట్యాగ్' అనే ఫంక్షన్ ఒకటుంది, ఆ ట్యాగ్ ఉన్న వస్తువులన్నింటినీ ఇచ్చే 'ఫైండ్ గేమ్ ఆబ్జెక్ట్స్ విత్ ట్యాగ్' మరొకటుంది. పేరులో ఒక్క అక్షరమే తేడా. మొదటిది ఒక్క వస్తువును ఇస్తుంది, రెండవది అర్రేను ఇస్తుంది. ఎడిటర్ చూపే జాబితాలో రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి తొందరలో ఒకదాని బదులు మరొకటి ఎంచుకుంటే, ఎడమవైపు ఒక్క వస్తువు, కుడివైపు వరుస అయి, సీఎస్ 0029 వస్తుంది: ఈ రకాన్ని ఆ రకంగా మార్చడం కుదరదు అని. ఆ ఎర్రర్‌లో రెండు రకాల పేర్లూ పక్కపక్కనే కొటేషన్లలో ఉంటాయి. విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే, ముందు ఆ కొటేషన్లలోని రెండు పేర్లను కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి, తేడా ఎక్కడుందో చూడమని. బ్రాకెట్లలో తేడా ఉంటే వరుస, ఒంటరి గొడవ. బ్రాకెట్లు రెండింటికీ ఉండి పేరులో తేడా ఉంటే సమస్య వేరు: ఆ ఫంక్షన్ ఇచ్చేది గేమ్ ఆబ్జెక్టుల వరుస, మనకు కావలసింది పందుల వరుస. గేమ్ ఆబ్జెక్ట్ అనేది పైతొడుగు, పంది స్క్రిప్టు దానికి తగిలించిన భాగం. అందువల్ల ఒక్కొక్క దాని దగ్గరికీ వెళ్లి 'గెట్ కాంపొనెంట్'తో ఆ భాగాన్ని అందుకుని మన వరుసలో పెట్టుకోవాలి. మొత్తం వరుసను ఒక్క దెబ్బతో మార్చే వీలు లేదు.

చిన్నచిన్నవి త్వరగా చెప్పి ముందుకు పోతాను. పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటే కంపైలర్‌కు అది వేరే పేరే. లిస్టు (పొడవు పెంచుకోగల వరుస) వాడుతూ దానికి సంబంధించిన 'యూజింగ్' లైన్ పైన పెట్టకపోతే సీఎస్ 0246 వస్తుంది. ఫర్ ఈచ్ లూప్‌లో చేతికి అందిన పందిని కదిలించవచ్చు, కానీ ఆ పేరుకు కొత్త పందిని అప్పగించబోతే సీఎస్ 1656 అడ్డుపడుతుంది. వరుసలోని వస్తువునే మార్చాలంటే నంబరుతో నడిచే లూప్ కావాలి. అర్రేకు పొడవు 'లెంగ్త్', లిస్టుకు 'కౌంట్'. ఈ చివరిదానిలో ఒక తమాషా ఉంది. అర్రేకు 'కౌంట్' అని రాస్తే మామూలుగా అలాంటిదేదీ లేదనే ఎర్రర్ వస్తుంది, కానీ పైన లింక్ (LINQ) అనే లైబ్రరీని చేర్చుకుని ఉంటే 'కౌంట్' అక్కడ ఫంక్షన్ అయి కూర్చుంటుంది, అప్పుడు అంకెనూ ఫంక్షన్‌నూ పోల్చడం కుదరదని సీఎస్ 0019 వస్తుంది. ఒకే తప్పుకు ఇద్దరు స్నేహితుల తెరల మీద రెండు వేరువేరు ఎర్రర్లు కనిపించడం చూసి, కంప్యూటర్ మనుషుల్ని బట్టి మాట్లాడుతోందని వాళ్లు నవ్వుకుంటారు.

ఒకటి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. ఒక ఫ్లవర్ బ్రాకెట్ మూయడం మరిచిపోతే కన్సోల్‌లో చాలాసార్లు ఒక్క ఎర్రర్‌తో సరిపోదు. ఆ బ్రాకెట్ లేకపోవడంతో తరువాతి ఫంక్షన్లన్నీ మొదటి ఫంక్షన్ లోపలే ఉన్నట్లు కంపైలర్ భావించి, చూసిన ప్రతి చోటా తెల్లబోతుంది. బ్రాకెట్ కావాలన్న ఎర్రర్ చాలాసార్లు ఫైలు చిట్టచివరి లైన్ నంబరుతో వస్తుంది, అసలు లోపం ఎక్కడో నడుమన ఉంటుంది. పిల్లలు కన్సోల్‌ను కింది నుంచి చదువుతారు, ఎందుకంటే చివరిగా వచ్చినది కంటికి ముందు కనబడుతుంది. యూనిటీ కూడా కిటికీ అడుగున చివరి ఎర్రర్‌నే చూపిస్తుంది. పద్ధతి దీనికి తలకిందులుగా ఉండాలి. కన్సోల్ తెరిచి, అన్నిటికంటే పైనున్న ఎర్రర్‌ను మాత్రమే సరిచేసి, సేవ్ చేసి, మళ్లీ కంపైల్ కానివ్వాలి. మిగిలినవాటిలో చాలా భాగం వాటంతటవే మాయమవుతాయి. పసుపు రంగు గుర్తుతో వచ్చేవి హెచ్చరికలు మాత్రమే, అవి ఆటను ఆపవు. వాటిని చూసి కంగారు పడి సరిగా ఉన్న కోడ్‌ను చెడగొట్టుకున్నవారు కూడా ఉన్నారు.

ఎర్రర్లన్నీ పోయి కంపైల్ అయిన తరువాత మరొక దెబ్బ తగులుతుంది, దాని గురించి చెప్పకపోతే ఈ లేఖ అసంపూర్ణమవుతుంది. 'న్యూ పంది[20]' అని రాసినంత మాత్రాన 20 పందులు పుట్టవు. కక్కలపల్లి మార్కెట్‌కు వేకువనే ఖాళీ టమోటా బాక్సులు వరుసగా పేర్చి ఉంచుతారు. బాక్సులు వచ్చాయి కదా అని కాయలు వచ్చినట్లు కాదు. ఆ లైన్ 20 ఖాళీ గదులను ఇస్తుంది, ప్రతి గదిలోనూ 'నల్', అంటే ఏమీ లేకపోవడమే ఉంటుంది. ఖాళీ గదిని 'పారిపో' అని ఆజ్ఞాపిస్తే కంపైలర్ ఏమీ అనదు, ఆట నడిచేటప్పుడు 'నల్ రిఫరెన్స్ ఎక్సెప్షన్' అనే లోపం వస్తుంది. ఒక్కొక్క గదిలోనూ పందిని పెట్టాల్సిన బాధ్యత మనదే. అదీ యూనిటీలో దృశ్యానికి తగిలించే స్క్రిప్టులను 'న్యూ'తో పుట్టించకూడదు. ప్రీఫ్యాబ్ అనే నమూనా నుంచి 'ఇన్‌స్టాన్షియేట్' చేసి, వచ్చినదాన్ని గదిలో పెట్టుకోవాలి. గదుల నంబర్లు 0 నుంచి 19 వరకే కాబట్టి 20వ నంబరు గది తలుపు తడితే అది మరో రకం ఎక్సెప్షన్.

సీ ప్లస్ ప్లస్‌లో ఒక్క లైన్‌తో వస్తువులు పుట్టడం, జావాలోనూ సీ షార్ప్‌లోనూ ఖాళీ గదులు మాత్రమే రావడం, ఈ తేడాను మా సిలబస్‌లలో మూడు భాషలూ చెబుతున్నా పక్కపక్కన పెట్టి చూపించే గంట ఒక్కటీ లేదు. పైగా సీ షార్ప్‌లోనే దీనికి మినహాయింపు ఉంది. స్థానాన్ని చెప్పే 'వెక్టర్ 3' వంటివి స్ట్రక్ట్‌లు, అంటే విలువనే నేరుగా గదిలో ఉంచే రకాలు; వాటి అర్రేలో గదులు ఖాళీగా ఉండవు, మూడు సున్నాలతో నిండి ఉంటాయి. ఆ అర్రేలో ఒక గదిలోని ఎక్స్ విలువను నేరుగా మార్చవచ్చు. అదే స్ట్రక్ట్‌లను లిస్టులో పెట్టి మార్చబోతే సీఎస్ 1612 వస్తుంది, ఎందుకంటే లిస్టు మనకు ఇచ్చేది అసలును కాదు, నకలును. నకలును మార్చి ప్రయోజనం లేదు కాబట్టి కంపైలర్ ముందే ఆపుతుంది. పందిని పక్కకు జరపడానికి 'ట్రాన్స్‌ఫామ్.పొజిషన్.ఎక్స్'కు నేరుగా విలువ ఇవ్వబోయినప్పుడు వచ్చేది కూడా ఈ ఎర్రరే. స్థానాన్ని ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, మార్చి, మొత్తంగా తిరిగి అప్పగించాలి. ఈ ఒక్క ఎర్రర్‌ను సరిగా వివరించగలిగిన విద్యార్థికి స్ట్రక్ట్‌కూ క్లాసుకూ ఉన్న తేడా అర్థమయినట్లే. థియరీ పరీక్షలో ఆ తేడా మీద పట్టిక గీసి మార్కులు తెచ్చుకునేవారిలో ఎంతమందికి అది నిజంగా తెలుసో నాకు సందేహమే.

ఇంత తంటా లేని భాషలున్నాయి కదా, వాటిలో నేర్పవచ్చు కదా అని కొందరు మిత్రులు అంటారు. యూనిటీ లాంటిదే అయిన గోడో ఇంజిన్ ఉచితం, దాని సోర్సు కూడా 2014 నుంచి అందరికీ అందుబాటులో ఉంది, దాని జీడీ స్క్రిప్ట్ భాష నేర్చుకోవడం తేలిక. అందులో మామూలు అర్రేలో పందినీ, అంకెనూ, పేరునూ కలిపి పెట్టినా అడ్డు చెప్పదు. కానీ ఆ సౌకర్యానికి మూల్యం ఉంది. ఒక గదిలో పందికి బదులు పొరపాటున అంకె చేరితే ఆ సంగతి ఆట నడుస్తుండగా, ఆ గది వంతు వచ్చినప్పుడే బయటపడుతుంది. ఈ ఇబ్బంది తెలిసే కాబోలు, 2023లో వచ్చిన నాలుగవ వెర్షన్‌లో అర్రేలో ఏ రకం వస్తువులుండాలో ముందే చెప్పే వీలు కల్పించారు. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, నేర్చుకునే దశలో కంపైల్ ఎర్రర్ ఇచ్చే భాషే మేలు. తప్పు రాసిన మరుక్షణం, రాసిన చోటే పట్టిచ్చే మాస్టారు రోజంతా పక్కన కూర్చున్నట్లు లెక్క, ఆయన చెప్పేది వినే ఓపిక ఉంటే.

పాత వీడియోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యూనిటీలో ఒకప్పుడు జావా స్క్రిప్ట్‌ను పోలిన యూనిటీ స్క్రిప్ట్ అనే మరో భాష ఉండేది. 2017లో యూనిటీ సంస్థ దాన్ని దశలవారీగా తొలగిస్తున్నట్లు ప్రకటించింది. కానీ ఆ కాలం నాటి పాఠాలు, జవాబులు నెట్‌లో ఇంకా అలాగే ఉన్నాయి. వాటిలో అర్రేను ప్రకటించే తీరే వేరు, ముందు పేరు, తరువాత కోలన్, ఆ తరువాత రకం. దాన్ని తెచ్చి సీ షార్ప్ ఫైలులో అతికిస్తే ఎర్రర్లు రాకుండా ఎలా ఉంటాయి? తెచ్చిన కోడ్ ఏ భాషదో, ఏ కాలానిదో చూడడం కూడా చదువులో భాగమే.

ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. వాటిని అడగడం తప్పని నేను అనను. ఎర్రర్ వాక్యాన్నీ, అది చూపిన లైన్‌నూ ఇచ్చి "దీని అర్థమేమిటి" అని అడిగితే అవి చక్కగా వివరిస్తాయి. పిల్లలు అలా అడగడం లేదు. "మొత్తం సరిచేసి ఇవ్వు" అంటున్నారు, వచ్చిన ఫైలును పాతదాని మీద అతికిస్తున్నారు. ఇందులో ఒక ప్రమాదం యూనిటీకి ప్రత్యేకం. 'పందులు' అనే పబ్లిక్ అర్రేలోకి ఇన్‌స్పెక్టర్‌లో 20 పందులను ఒక్కొక్కటిగా లాగి పెట్టుకున్న తరువాత, కొత్త ఫైలులో ఆ అర్రే పేరు 'పందులగుంపు' అని మారిందనుకోండి. కంపైల్ అవుతుంది, ఎర్రర్ ఒక్కటీ ఉండదు, కానీ యూనిటీ ఆ విలువలను పేరును బట్టే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి లాగి పెట్టిన పందులన్నీ వరుసలో నుంచి మాయమవుతాయి. పాత పేరు ఇదీ అని చెప్పే గుర్తును ఆ వేరియబుల్ మీద పెడితే అవి నిలుస్తాయి, కానీ ఆ గుర్తు పెట్టాలని తెలియాలంటే ముందు పేరు మారిందని గమనించాలి కదా. ఉన్న ఒక్క లైన్‌ను సరిచేసి ఉంటే ఈ నష్టమే జరిగేది కాదు.

ఇక నా విన్నపం. ఈ ప్రాంతపు కళాశాలలకు సిలబస్ నిర్ణయించేవి అనంతపురం జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం వంటివి. వాటి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లలోని పెద్దలు ప్రోగ్రామింగ్ ప్రాక్టికల్ పరీక్షలో ఒక చిన్న మార్పు చేయవలసిందిగా కోరుతున్నాను. ఇప్పుడు ఆనవాయితీ ఏమిటంటే, చీటీలో వచ్చిన ప్రోగ్రామును రాసి, టైప్ చేసి, అవుట్‌పుట్ చూపించాలి. ఆ తరువాత రెండు ప్రశ్నల వైవా. అవుట్‌పుట్ రాకపోతే పక్కవాడి దాన్ని చూసి కాగితం మీద రాసేవారూ ఉన్నారు, ఇది పరీక్షకులకు తెలియని సంగతి కాదు. దీనికి తోడుగా, కావాలని తప్పులు పెట్టిన ఒక ప్రోగ్రామును, దానికి కంపైలర్ ఇచ్చిన ఎర్రర్ల జాబితాతో సహా అచ్చువేసి ఇచ్చి, ఏ లైన్, ఏ కారణం, ఏ సవరణ అని రాయమనాలి. బట్టీ పట్టి రాయడానికి వీలు లేని ప్రశ్న ఇది, పక్కవాడికి వేరే ప్రోగ్రాము ఇస్తే చూసి రాయడానికీ వీలుండదు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలైతే ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా వచ్చే సెమిస్టర్ ఇంటర్నల్స్‌లోనే దీన్ని పెట్టుకోవచ్చు.

ఖర్చు గురించి, యంత్రాల గురించి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. చాలా ల్యాబ్‌లలోని పాత కంప్యూటర్ల మీద యూనిటీ తెరుచుకోవడానికే టీ తాగి వచ్చేంత సేపు పడుతుంది. కానీ నేను పైన చెప్పిన ఎర్రర్లలో అధిక భాగానికి యూనిటీ అవసరమే లేదు. డాట్ నెట్ అనే సీ షార్ప్ కంపైలర్ సాధనాలు ఉచితం, వాటితో కమాండ్ ప్రాంప్ట్‌లోనే సీ షార్ప్ కంపైల్ చేయవచ్చు. పంది అనే క్లాసు, 20 గదుల అర్రే, ఒక లూప్, ఇవి ఏ యంత్రం మీదైనా నడుస్తాయి. అచ్చువేసిన ప్రశ్నకైతే కంప్యూటరే అక్కరలేదు. సిలబస్ పూర్తి చేయడానికే గంటలు చాలడం లేదన్న తోటి అధ్యాపకుల మాటలోనూ నిజముంది. అయితే ల్యాబ్‌లో ఇప్పుడు మన సమయమంతా పోతున్నది బెంచీ బెంచీకీ తిరిగి పిల్లల ఎర్రర్లు మనమే సరిచేయడంలో కదా. ఆ పని వారికి నేర్పితే ఆ గంటలే మనకు తిరిగి వస్తాయి.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఎర్రర్లు ఇంగ్లిషులో ఉండడం అదనపు బెదురు. నిజానికి కంపైలర్ వాడే పలుకుబడి చాలా కొద్దిది. 'ఎక్స్‌పెక్టెడ్' అంటే ఇక్కడ ఇది ఉండాల్సింది, లేదు అని. 'డజ్ నాట్ ఎగ్జిస్ట్' అంటే ఈ పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు అని. 'కెనాట్ కన్వర్ట్' అంటే ఇది అది కాలేదు అని. ఇలాంటివి పది పన్నెండు వాక్యాలు తెలిస్తే మొదటి సంవత్సరం గడిచిపోతుంది. మీ విద్యా పేజీలో వారానికి ఒక ఎర్రర్ చొప్పున, దాని తెలుగు అర్థంతో, రెండు లైన్ల ఉదాహరణతో ఒక చిన్న బాక్సు వేయగలిగితే, ఉద్యోగాల వ్యాసం చదివి ఉత్సాహపడిన విద్యార్థికి అదే పేజీలో దారి ఖర్చు కూడా దొరికినట్లవుతుంది. ఆ బాక్సుకు కావలసిన సామగ్రి రాసి ఇవ్వడానికి నాతో పాటు ఇక్కడి అధ్యాపకులు మరికొందరు సిద్ధంగా ఉన్నారు.

నేను ప్రతిపాదిస్తున్న ప్రశ్న ఎలా ఉంటుందో ఒక నమూనా తయారు చేశాను, అడిగిన కళాశాలకు పంపిస్తాను. అందులో పందుల ఆటకు సంబంధించిన ముప్పై లైన్ల ప్రోగ్రాము, దాని కింద కన్సోల్‌లో వచ్చిన 11 ఎర్రర్లు ఉంటాయి. నిజమైన తప్పులు మూడే: ఒక వేరియబుల్ పేరును ప్రకటించే చోట ఒక్క అక్షరం తేడాగా రాయడం ఒకటి, వరుసను 'పారిపో' అనడం ఒకటి, ఒక్క పంది ఉండవలసిన చోట వరుసను అప్పగించడం మరొకటి. మొదట దేన్ని సరిచేస్తావు, దాన్ని సరిచేశాక మిగిలిన పదింటిలో ఏవి పోతాయి, ఏవి నిలుస్తాయి, ఎందుకు అన్నవి ప్రశ్నలు. చివరి ప్రశ్న వేరు: మూడూ సరిచేసి ఆట మొదలుపెట్టగానే మొదటి పంది దగ్గరే నల్ రిఫరెన్స్ వచ్చింది, ఏ లైన్ రాయడం మరిచిపోయారో ఆ ఒక్క లైన్ రాయండి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ అధ్యాపకుడు,
అనంతపురం.